వంతెన దగ్గర దొరికిన పాట

ఆదివారం రబ్బరు చెట్ల జోలికి పోనక్కర్లేదు. అయినా బంగారమ్మకి కోడి కూయకముందే మెలకువ వచ్చేసింది. రోజూ చీకట్లోనే లేచి, నుదుటికి దీపం కట్టుకుని, కత్తీ బకెట్లూ పట్టుకుని చెట్ల వరసల్లోకి పోయే మనిషికి సెలవని చెప్పినంత మాత్రాన నిద్ర మాట వింటుందా. పైగా ఇవాళ కూతురు పుష్పవల్లికి నిశ్చయం. తెల్లారేసరికి పూర్ణాలు చుట్టడం అయిపోయింది, మూకుట్లో నూనె కాగుతోంది, ఆమె గొంతులో పాట సాగుతోంది.

రెండు మూడేళ్ళ కిందటైతే ఇన్ని బూరెలకి బియ్యమే ఉండేది కాదు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి తిండి చేరకూడదని, తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో ఇంటింటికీ బియ్యం కొలిచి ఇచ్చేవారు. పనికి పోయేటప్పుడు గేటు దగ్గర క్యారేజీ మూత తీయించి మరీ చూసేవారు. ఇప్పుడా కట్టుదిట్టాలు సడలిపోయాయి. కూలీల ఇళ్ళ లైన్ల చుట్టూ వేసిన ముళ్ళకంచె మాత్రం అలాగే ఉంటే, ఆడవాళ్ళు దాని మీదికి కాకర తీగలు పాకించుకున్నారు. ఈ నెలాఖరుకి మలాయా దేశానికి స్వతంత్రం. మెర్డెకా, మెర్డెకా అని బటాంగ్ బెర్జుంటై బజారులో చిన్నపిల్లలు కూడా అరుస్తున్నారు. ఆ సందడి అయిన మొదటి మంచి రోజున పెళ్ళి పెట్టుకోవాలని ఇరువైపులా ముందే అనుకున్నారు.

"అమ్మా, ఈ రోజైనా ఇంకొకర్ని ముందు పాడనీ. పెళ్ళికూతురి తల్లివి, కూకుని సూస్తే సాలు," అంది పుష్పవల్లి, తల దువ్వుకుంటూ.

"నా కూతురి హారతికి నేను ఎనక నిలబడి వంత పాడాలా? ఏటి మాటలవి," అంది బంగారమ్మ, బూరె తిరగేస్తూ.

ఆ తోటలో ముందుపాట ఎప్పుడూ బంగారమ్మదే. శనివారం సాయంత్రం రేకుల రామమందిరంలో భజన మొదలైతే ఆమె ఒక చరణం ఎత్తుకోవడం, తక్కినవాళ్ళు అందుకోవడం, అంతే. మరొకరు నోరు తెరిచేలోపు ఆమె రెండో పాటలో ఉంటుంది. గొంతు అంత గొప్పదేమీ కాదు గానీ అనుమానం లేని గొంతు. తప్పు పాడినా తప్పు తక్కినవాళ్ళదే అనిపించేలా పాడేది.

అక్కడి భజనలకి ఒక పద్ధతి ఉంది. పుస్తకాలు చూసి పాడేవాళ్ళు తక్కువ. వరస ఎక్కడ దొరికితే అక్కడ తీసుకుంటారు. అరవ సినిమాలో విన్నదైనా, మలాయి పెళ్ళిలో విన్నదైనా, చీనా వాళ్ళ శవం ముందు వాయించే బ్యాండుదైనా సరే, మీద తెలుగు మాటలు పెట్టి రాముడి పేరు చేర్చేస్తారు. చేర్చాక అది రాముడి పాటే. ఎక్కడిదని అడిగేవాడే లేడు. అలా బంగారమ్మ కట్టిన పాటల్లో ఒకటి మాత్రం ఈ తోట దాటిపోయింది. పెళ్ళికైనా, పురిటికైనా, గృహప్రవేశానికైనా చుట్టుపక్కల తోటల్లో తెలుగువాళ్ళు హారతికి ఆ పాటే పాడతారు.

*అడవి దాటి రామయ్య ఇంటికొచ్చినాడే*
*గడప గడప దీపమెట్టి ఎదురు రారండే*

యుద్ధం ముగిసిన కొత్తలో కట్టింది. మాటలు మామూలువే. వరసలోనే ఉంది మహత్తంతా. దిగులుగా కూర్చున్నవాళ్ళ కాలు కూడా ఆడించే వరస అది. ఆ రోజుల్లో తోటలో తిండి లేదు, గుడ్డ లేదు, గోనెసంచులు కట్టుకుని తిరిగేవారు. ఆ పాట పాడుకున్న సాయంత్రాలు మాత్రం జనం నవ్వుకుంటూ ఇళ్ళకి పోయేవారు. అది తన గొప్పేనని బంగారమ్మ నమ్మకం.

గడప పక్కన కూర్చుని ఆమె భర్త కాంతయ్య ఇత్తడి హారతి పళ్ళెం చింతపండు పెట్టి తోముతున్నాడు. ఆయన మాటలు తక్కువ మనిషి. జపానువాళ్ళ కాలంలో పొరుగు దేశం సయాం అడవిలో రైలు దారి వేయడానికి లారీల్లో ఎక్కించుకుపోయిన కూలీల్లో ఆయనా ఒకడు. యుద్ధం అయ్యాక ఎముకల గూడై తిరిగొచ్చాడు. వచ్చిన రోజు నుంచి ఇవాళ్టి దాకా సయాం గురించి ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. ఆ ఇంట్లో ఆ మాటకి చోటే లేదు.

మగపెళ్ళివారు తొమ్మిది గంటలకి కూరగాయల చీనా వ్యాపారి లారీలో దిగారు. ఏరు అవతలి తోట వాళ్ళది. ముగ్గురే వచ్చారు. పెళ్ళికొడుకు తాతబాబు రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ ఇంట్లో పని చేస్తాడు. శ్రీరామనవమి భజనలో పుష్పవల్లిని చూశాడు, ఆమె కూడా చూసింది. అంతకు ముందు వచ్చిన సంబంధాలని ముక్కు బాలేదనీ మూతి బాలేదనీ కాదన్న పిల్ల, ఈ సంబంధం కావాలని తల్లి దగ్గర నోరు తెరిచి చెప్పింది. అతని తల్లి దేవుడమ్మ బక్కపల్చటి మనిషి, నవ్వడానికి తొందరపడదు. ఆమె భర్త నారాయణసామిని కూడా ఆ లారీల్లోనే తీసుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. ఫలానా రోజున పోయాడని చెప్పినవాళ్ళు కూడా లేరు. ఒంటిచేత్తో చెట్లు గీసి కొడుకుని పెంచుకుంది. మూడోవాడు దేవుడమ్మ అన్న అప్పలసామి. క్లాంగ్ పట్నం పక్కన రేవులో సరుకులు దింపే పని ఆయనది. రేవులో పనిచేసేవాళ్ళకి లోకమంతా తెలుసన్నట్టు మాట్లాడతాడు గానీ మనసులో ఏమీ ఉండదు.

తాంబూలాలు మార్చుకున్నారు. తాతబాబునీ పుష్పవల్లినీ పీటల మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టారు. లైన్లో ఆడవాళ్ళంతా చేరారు. విధవనని దేవుడమ్మ వెనక్కి జరిగి తలుపు వార నిలబడింది. పళ్ళెం ముట్టుకోకూడదు గానీ పాటకి ఆ పట్టింపు లేదు. బంగారమ్మ కర్పూరం వెలిగించి పాట ఎత్తుకోగానే, వంత పాడేవాళ్ళలో దేవుడమ్మ గొంతు కూడా సన్నగా, స్పష్టంగా వినిపించింది. కాబోయే వియ్యపురాలు తన పాట పాడుతుంటే బంగారమ్మకి లోలోపల గర్వం పొంగింది.

పాట అయ్యాక అప్పలసామి తొడ చరుచుకుని నవ్వాడు.

"ఈ వరస మీ దాకా ఎలాగొచ్చినాది చెల్లెమ్మా? మొన్న రేవులో జపాను ఓడోళ్ళు సరుకు దింపుతూ ఇదే పాడినారు. ఏటని అడిగితే ఆళ్ళలో ఇంగ్లీషొచ్చినోడు సెప్పినాడు. యుద్ధంలో ఓడిపోయినాక, ఊళ్ళన్నీ బూడిదైపోయినాక, ఆ దేశంలో అందరూ ఇదే పాడుకున్నారట. ఒక పండు మీద పాటట. పండు ఎర్రగుందని పాటంట."

ఆయన నవ్వు అలా సాగుతూనే ఉంది. తక్కినవాళ్ళెవరూ నవ్వడం లేదని కాసేపటికి గానీ తెలియలేదు. ఆ గదిలో సయాం మింగిన ఇంటివాళ్ళు ఒకరు కాదు. దేవుడమ్మ తలుపు వార నుంచి ముందుకొచ్చింది.

"మా అన్న సెప్పింది నిజమేనా వదినా?"

తెలియదనేస్తే అక్కడితో పోయేది. అప్పలసామి చెవులు సరిగా పని చేయవని ఎవరో ఒకరు తేల్చేసేవారు. కానీ బంగారమ్మకి అబద్ధం చెప్పే అలవాటు లేదు, అవసరం కూడా కనిపించలేదు.

"నిజమే వదినా. యుద్ధమైనాక లొంగిపోయిన జపానోళ్ళ సేత తెల్లోళ్ళు మా వంతెన కట్టించినారు. అక్కడ ఆళ్ళు పాడుతుంటే ఇన్నాను. వరస బాగుంది, తీసుకున్నాను. మాటలు నావి."

జరిగింది అంతే. యుద్ధంలో విరిగిపోయిన చెక్క వంతెన అది, లైన్లకి కూతవేటు దూరం. లొంగిపోయిన సైనికులు, చొక్కాలు లేని బక్క మనుషులు, నీళ్ళలో దిగి దుంగలు మోస్తుంటే లైన్లో ఆడవాళ్ళంతా చూడటానికి వెళ్ళారు. తిట్టడానికే వెళ్ళారు. బంగారమ్మ కూడా నోటి నిండా తిట్లు సిద్ధం చేసుకునే వెళ్ళింది. ఇంటి దగ్గర కాంతయ్య వచ్చిన నాటి నుంచీ చాప మీద గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నాడు. పెట్టింది తినడం లేదు, పలకరిస్తే పలకడం లేదు. ఆ కసి అంతా తీర్చుకుందామని వెళ్ళింది. వాళ్ళు దుంగ భుజాన వేసుకుని ఆ పాట అందుకున్నారు. తిట్టడం మరిచిపోయి ఆఖరి దాకా వింది. ఇంటికొచ్చి చూస్తే కాంతయ్య చాప మీద లేడు. గడప మీద కూర్చుని వంతెన వైపు చూస్తున్నాడు. లేచి అంత దూరం రావడం అదే మొదలు. ఎందుకు లేచాడని ఆమె అడగలేదు. ఆ వరసని మాత్రం వదిలిపెట్టలేదు. మర్నాటి నుంచి పొయ్యి దగ్గర అదే కూనిరాగం తీసింది, శనివారానికి రాముణ్ణి అందులోకి దింపింది.

ఇదంతా చెప్పి ఉంటే బాగుండేది. కానీ కాంతయ్య సంగతి నలుగురిలో చెప్పడం ఆమెకి ఇష్టం లేదు. చెప్పకపోవడంతో మిగిలింది ఒకటే మాట, వరస బాగుంది, తీసుకున్నాను.

"మా ఇంటాయన్ని లారీ ఎక్కించినోళ్ళు ఆళ్ళే," అంది దేవుడమ్మ. గొంతు పెంచలేదు. "ఆళ్ళ పాట తెచ్చి రాముడి ముందర పెట్టినావు. ఇన్నేళ్ళుగా నా సేత, నాలాంటోళ్ళందరి సేత పాడించినావు. సెప్పాలని ఒక్కనాడూ తోచలేదా నీకు?"

"ఎవరూ అడగలేదు, నేను సెప్పలేదు. రాముడి పేరు పెట్టినాక ఎవరిదైతే ఏటి? తెలీనన్నాళ్ళూ కమ్మగా పాడుకున్నావు గదా. తెలిసినాక సేదైపోయినాదా?"

ఆ ఆఖరి మాట నోరు దాటాక బంగారమ్మకే కాస్త ఎక్కువైందనిపించింది. కానీ అప్పటికే దేవుడమ్మ చెంగు దోపుకుని చెప్పుల కోసం చూస్తోంది. తాతబాబుని లెమ్మంది. అతను పీట మీద నుంచి లేచి తల్లినీ పుష్పవల్లినీ మార్చి మార్చి చూశాడు. అప్పలసామి తన నోటిని తానే తిట్టుకున్నాడు. వాళ్ళకిచ్చిన తాంబూలం పళ్ళెం తిరిగి అరుగు మీదికి వచ్చేసింది. ఈ సంబంధం మాకొద్దని దేవుడమ్మ నోటితో అనలేదు, అనాల్సిన పని కూడా మిగల్లేదు.

అయితే కోపంగా వెళ్ళిపోవాలన్నా బండి ఉండాలి కదా. చీనా వ్యాపారి లారీ మూడు గంటలకి గానీ రాదు. బయట వాన మొదలైంది. దేవుడమ్మ వానలోనే నడుచుకుంటూ పోయి గేటు దగ్గర కాపలావాళ్ళ రేకుల పాక కింద బల్ల మీద కూర్చుంది. అన్నా కొడుకూ చెరో పక్కా నిలబడ్డారు. వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. ఇంట్లో బుట్టెడు బూరెలు, ముగ్గురు మనుషులు మిగిలారు.

పుష్పవల్లి పీట మీద నుంచి లేవలేదు. నుదుటి బొట్టు చెరగలేదు. చాలాసేపటికి తలెత్తింది.

"ఒక్క మాటమ్మా. తెలీక సేసినానని సెప్పేయ్. ఆళ్ళు జపానోళ్ళని అప్పుడు నాకు తెలీదని సెప్పేయ్. ఆవిడ వచ్చేస్తాది."

"తెలిసే సేసినాను."

"నాకోసం కూడా సెప్పవా? నీ పాటకున్న విలువ నాకు లేదా?"

బంగారమ్మకి ఈ మాట గుచ్చుకుంది. పాట కోసం కూతురి బతుకు పాడుచేసే తల్లిని కాదు తను. కానీ తెలియక చేశానంటే, ఆ రోజు చాప మీద నుంచి లేచి గడప దాకా వచ్చిన మనిషిని కూడా అబద్ధం చేసినట్టవుతుంది. ఆ సంగతి కూతురికి ఎలా చెప్పాలో తెలియక, తెలియనప్పుడు ఎప్పుడూ చేసే పనే చేసింది, కోపం తెచ్చుకుంది. అబద్ధంతో కట్టిన తాళి నిలవదంది. కావాలంటే ఇంకో సంబంధం వస్తుందంది. పుష్పవల్లి ఏడవలేదు. ఇంకో సంబంధం నాకొద్దు అని మాత్రం అంది, అచ్చం తల్లి గొంతుతో.

మూల నుంచి చప్పుడైంది. కాంతయ్య హారతి పళ్ళెం కింద పెట్టి, గోడకి తగిలించిన నల్ల గొడుగు తీసుకున్నాడు. వానలోకి దిగి గేటు వైపు నడిచాడు. జనం ఉన్న చోటికి తనంతట తాను వెళ్ళే మనిషి కాదాయన. బంగారమ్మ ఒక నిమిషం ఆగింది. ఆ తరవాత గిన్నెలో బూరెలు పెట్టుకుని, కూజాలో పాలు లేని కోపి పోసుకుని, నెత్తి మీద గోనెపట్టా కప్పుకుని వెనకే బయలుదేరింది. క్షమాపణ అడగడానికి కాదు, ఇంటికొచ్చినవాళ్ళని ఖాళీ కడుపుతో కూర్చోబెట్టిందన్న మాట పడకూడదని. అలాగే చెప్పుకుంది తనకి తాను.

ఆమె పాక దగ్గరికి చేరేసరికి కాంతయ్య దేవుడమ్మకి ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నాడు. గొడుగు పక్కన నీళ్ళోడుతోంది.

"నేను సయాం పోయొచ్చినోణ్ణి చెల్లెమ్మా," అన్నాడు.

"తెలుసన్నయ్యా. అక్కడ్నుంచొచ్చినోళ్ళని ఎంతమందినో అడిగినాను. ఎవరూ నోరిప్పరు. మిమ్మల్ని అడగాలంటే బయమేసినాది."

"మీ ఆయన్ని నేను సూడలేదమ్మా. సూసుంటే ఆనాడే మీ గుమ్మంలోకొచ్చి సెప్పేవాణ్ణి. మనోళ్ళని తలో కేంపులోకీ తోలేసినారు. కానీ ఎలా బతికినాడో సెప్పగలను. నేనూ అలాగే బతికినాను గాబట్టి."

చెప్పాడు. వెదురు పందిళ్ళ గురించి, ఆగని వానల గురించి, జ్వరంతో పడిపోయినవాణ్ణి కర్రతో లేపి మళ్ళీ మట్టి మోయించడం గురించి. చీకటి పడ్డాక తెలుగువాళ్ళు ఒకచోట చేరి ఊళ్ళ పేర్లు, పిల్లల పేర్లు చెప్పుకునేవారట. మర్నాటికి ఎవరు ఉంటారో తెలియదు గనక, ఒకరి పిల్లల పేర్లు ఇంకొకరు గుర్తు పెట్టుకునేవారట. మీ ఆయన కూడా తాతబాబు పేరు ఎవరికో చెప్పే ఉంటాడమ్మా అన్నాడు. తాతబాబు అటు తిరిగి కంచె పట్టుకున్నాడు. బంగారమ్మ కోపి కూజాతో వానలోనే నిలబడిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఈ మాటలు వినడం ఇదే మొదలు.

"ఆళ్ళ భాషలో నాకొచ్చిన మాటలన్నీ హుకుంలూ తిట్లే," అన్నాడు కాంతయ్య. "లే, మొయ్యి, బేగి నడు, బగేరో అంటే ఎదవా అని. అంతే. ఇంటికొచ్చినాక కూడా అయ్యే సెవిలో మోగేవి. గోడేపు తిరిగి పడుకునేవాణ్ణి. ఒకనాడు వంతెన కాడ్నుంచి ఆళ్ళ గొంతులు ఇనబడినాయి. వొణుకొచ్చేసినాది. ఎక్కడ ఆ మాటొస్తాదో అని ఊపిరి బిగబట్టి ఆఖరు దాకా ఇన్నాను. రాలేదమ్మా. ఆ పాటలో ఒక్క తిట్టు లేదు, ఒక్క హుకుం లేదు. ఆ నోళ్ళకి తిట్లు కాని మాటలు కూడా వచ్చని అప్పుడే తెలిసినాది నాకు. ఆళ్ళూ ఏడుపు ఆపుకోడానికే పాడుతున్నారనిపించినాది. అందుకే లేచి గడప కాడికొచ్చినాను. ఇది నన్ను సూసింది, పాటని ఇంట్లోకి తెచ్చినాది. దీని తప్పేటీ లేదు."

దేవుడమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆళ్ళని నేను సెమించనన్నయ్యా."

"నేనూ సెమించలేదమ్మా."

అప్పుడు దేవుడమ్మ తలెత్తి బంగారమ్మని చూసింది. తడిసి ముద్దయి, బూరెల గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిన వియ్యపురాలు. రమ్మని సైగ చేసింది. బల్ల మీద పక్కకి జరిగింది.

"నా మంటంతా జపానోళ్ళ మీదే కాదు వదినా. నీ పాటలో అందరూ ఇంటికొచ్చేసినారు. రాముడొచ్చినాడు, దీపాలెట్టండి అన్నావు. మా తోటలో లారీలెక్కిన మగోళ్ళలో వచ్చినోళ్ళు ఇద్దరే. మిగతా ఆడోళ్ళం ఎవరికోసం దీపాలెట్టినామో ఎప్పుడైనా అనుకున్నావా?"

బంగారమ్మ గోనెపట్టాని బూరెల గిన్నె మీదికి లాక్కుంది. ఇన్ని శనివారాలు, ఇన్ని పెళ్ళిళ్ళు. ముందు నిలబడి పాడటమే గానీ వెనక్కి తిరిగి వంత పాడేవాళ్ళ ముఖాలు ఎప్పుడు చూసింది గనక. తన మొగుడు లేచి గడప దాకా వచ్చాడు, ఆ సంబరంలో కట్టింది, లోకమంతా ఆ సంబరంలోనే ఉందనుకుంది. ఈ పూట కూడా ఈ మనిషి తలుపు వార నిలబడి, తిరిగి రానివాణ్ణి మనసులో పెట్టుకుని ఆ పాట పాడుతుంటే తను గర్వపడింది. కళ్ళ నీళ్ళు జారిపోతున్నా తుడుచుకోలేదు. వానలో ఎలాగూ తెలియదు.

"తోచలేదు వదినా," అంది. "నావాడొచ్చినాడు గదా. ఆ గుడ్డితనం. జపానోళ్ళ వరస తీసుకున్నందుకు తప్పైపోయినాదని అన్లేను, అంటే అబద్ధమైపోతాది. కానీ నీ ముందర అలా పాడినందుకు నాకు సిగ్గేస్తంది. నీకు బాధైతే పిల్ల పెళ్ళిలో ఆ పాట ఎత్తను. ఇంకెక్కడా ఎత్తను."

"మానేయమని నేనన్లేదు. మొదటిసారి ఇన్నప్పుడు మందిరంలోంచి లేచెళ్ళిపోయినాను. ఆ రేత్రంతా వరస సెవిలో తిరుగుతానే ఉంది. తిట్టుకున్నాను, అయినా వదల్లేదు. పైవారం నేనే ఇంకో చరణం కట్టినాను. మా తోటలో నీ చరణం అయినాక నాది పాడతారు. ఈ రోజు మీ ఇల్లు గదా, మీవోళ్ళు పాడరు గదా అని ఊరుకున్నాను."

తన పాటకి తనకి తెలియని చరణం ఉందన్న సంగతి ఇంకో రోజైతే బంగారమ్మకి ఒళ్ళు మండించేది. ఇప్పుడు ఆమె చేసిందల్లా కోపి గ్లాసులో పోసి దేవుడమ్మ చేతికివ్వడం.

"పాడు," అంది.

"ఇక్కడా? గేటు కాడా?"

"ఇంటికాడ. పిల్లలిద్దరికీ హారతి మళ్ళీ ఇద్దాం."

దేవుడమ్మ కోపి తాగింది. బూరె ఒకటి తుంచి నోట్లో వేసుకుంది, బెల్లం తక్కువైందని కూడా అంది. అప్పలసామికి ప్రాణం లేచొచ్చింది గానీ, ఈసారి ఏ మాటా అనకుండా గొడుగు పట్టుకుని ముందు నడిచాడు. తాతబాబు కాంతయ్య పక్కన నడిచాడు. దారిలో ఆయన్ని ఏదో అడిగాడు, ఆయన ఆగి ఆగి జవాబు చెబుతూనే ఉన్నాడు.

పుష్పవల్లి ఇంకా పీట మీదే ఉంది. గుమ్మంలో అందరినీ చూసి లేవబోతే తల్లి కూర్చోమని చెయ్యి చూపింది. తాతబాబు వచ్చి తన పీట మీద కూర్చున్నాడు. జారుకున్న ఆడవాళ్ళు పిలవకుండానే మళ్ళీ చేరారు. బంగారమ్మ కర్పూరం వెలిగించి, పళ్ళెం పట్టుకుని, తలుపు వార నిలబడబోతున్న దేవుడమ్మని చెయ్యి పట్టి తన పక్కకి లాక్కుంది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని చుట్టూ ఒకసారి చూసింది. ఆ చూపుకి పక్కనున్న ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు.

మొదటి చరణం బంగారమ్మే పాడింది. అది అయ్యాక ఆగింది. వంతకి నోళ్ళు తెరిచినవాళ్ళంతా ఆశ్చర్యపోయి ఆగారు. అప్పుడు దేవుడమ్మ కళ్ళు మూసుకుని, అదే వరసలో ఎత్తుకుంది.

*అడవికెళ్ళినోళ్ళందరూ తిరిగి రాలేదే*
*రానివాడి పేరు మీద దీపమెట్టినానే*

కాలు ఆడించే ఆ వరస ఏమీ మారలేదు. దిగులు మాటల కింద కూడా అలాగే గంతులేస్తోంది. ఆ ఇంట్లో సగంమంది ఏడుస్తున్నారు, ఏడుస్తూనే తాళం వేస్తున్నారు. కర్పూరం అయిపోవస్తుంటే కాంతయ్య ముందుకొచ్చి ఇంకో బిళ్ళ వేశాడు. వేసి వెనక్కి పోకుండా అక్కడే నిలబడ్డాడు, పెదవులు కదులుతున్నాయి.

దేవుడమ్మ చరణం రెండోసారి ఎత్తుకునేసరికి బంగారమ్మకి మాటలు పట్టుబడ్డాయి. పళ్ళెం కూతురి ముఖం ముందు తిప్పుతూ, వియ్యపురాలి గొంతు వెనక తన గొంతు కలిపి, ఆ తోటలో మొట్టమొదటిసారి వంత పాడింది.